మా ఊరి తీర్థం కమిటీ పెద్దలకు, డీజే పెట్టే తమ్ముళ్లకు

కమిటీ పెద్దలందరికీ నమస్కారాలండి. ప్రతి సంక్రాంతికీ చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే తమ్ముళ్లకు ఆశీస్సులు.

నేను మీకు తెలిసినదాన్నే. రామాలయం వెనక వీధిలో, కాలువ గట్టు పక్కన పుట్టి పెరిగిన పిల్లని. నర్సింగ్ చదివి, జర్మన్ భాష నేర్చుకుని, మూడేళ్లుగా బెర్లిన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఈ ఉత్తరంలో నా పేరు రాయడం లేదు. రాస్తే మా బాబాయి కూతురి పేరు ఊరంతా మళ్లీ ఎత్తుతారు. ఇది సగం ఆ పిల్ల గురించే కాబట్టి ఆ పని నేను చేయలేను. కోనసీమలో మన చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఇదే జరుగుతోందని విన్నాను. అందుకే మీకు విడిగా పంపకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

పోయిన కనుమ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం, మన ప్రభల తీర్థంలో దేవుడి పేరున భుజాల మీద ఊరేగించే పెద్ద ప్రభ లేచింది. ముందు వీరణాలు, సన్నాయి. "శరభా శరభా" అంటూ మోసేవాళ్ల కేకలు. వెనక రెండు ట్రాక్టర్ల మీద డీజే బాక్సులు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి ట్రాక్టర్లు రెండూ ఆగాయి, ఎవరి సౌండ్ ఎక్కువో తేల్చుకోవడానికన్నట్టు ఒకదాని మీద ఒకటి పెంచారు. వీరణం వాయించే తాత చెయ్యి ఆడుతోంది గానీ దరువు వినపడలేదు. కాసేపటికి ఆయన వాయించడం ఆపేసి పక్కన నిలబడ్డాడు.

మా బాబాయి కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. పాట వినపడితే ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ కాలు ఆగదు. నలుగురు స్నేహితురాళ్లతో కలిసి మా గుమ్మం ముందే, మా అమ్మ చూస్తుండగానే, రెండు నిమిషాలు ఆడింది. ఎవరో ఫోన్‌లో తీశారు. దగ్గరికి జూమ్ చేసి, దానికి వేరే పాట అతికించి, ముక్కనుమ పొద్దున్నకల్లా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. కింద ఏమేం రాశారో ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ పిల్ల మూడు వారాలు కాలేజీకి వెళ్లలేదు. బాబాయి అడిగింది ఒక్కటే: "నిన్నక్కడికి ఎవరు వెళ్లమన్నారు?" నచ్చజెప్పడానికి వచ్చిన పెద్దలూ ఆ పిల్లనే అడిగారు. తీసినవాడు ఎవరో ఊరందరికీ తెలుసు. వాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ మాట మనసులో పెట్టుకునే నేను తిరిగి డ్యూటీకి వచ్చాను. నవంబరులో ఒక రాత్రి ఇంకో చోటికి వెళ్లాను. ఆ రాత్రి సంగతి మీకు చెప్పాలి.

నాతో పనిచేసే ఒక అమ్మాయి ఉంది. వాళ్ల తాతగారు టర్కీ నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేశారు. "మూడేళ్లయింది, బెర్లిన్‌లో ఉండి ఒక్కసారి కూడా టెక్నో క్లబ్బుకి వెళ్లలేదంటే ఎలా" అని రెండు నెలలు నా వెంట పడింది. టెక్నో అంటే మెషీన్లతో చేసే డ్యాన్స్ సంగీతం. మనవైపు క్లబ్బంటే పేకాట గుర్తొస్తుంది. హైదరాబాద్ వెళ్లొచ్చిన పిల్లలకైతే పబ్బు గుర్తొస్తుంది. నేనూ అలాగే అనుకుని భయపడ్డాను. ఇంట్లో చెప్పకుండా వెళ్లాను, మర్నాడు అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

బెర్లిన్ తూర్పు వైపు ఫ్రీడ్రిక్స్‌హైన్ అనే పేట. వార్షావర్ స్ట్రాస స్టేషన్‌లో దిగేసరికి రాత్రి పన్నెండు దాటింది. శుక్ర, శని వారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది, కాబట్టి ఆ వేళకి కూడా మన రావులపాలెం సెంటర్‌లో సాయంత్రం ఆరింటికి ఉన్నంత జనం. కింద రైలు పట్టాలు, అవతల స్ప్రీ నది, నది మీద రెండు బురుజులున్న ఎర్ర ఇటుక వంతెన. ఒకప్పుడు ఆ నది ఒడ్డునే, నగరాన్ని తూర్పు పడమరలుగా విడదీసిన బెర్లిన్ గోడ ఉండేది. 1989 నవంబరులో గోడ పోయాక తూర్పు వైపు మూతపడ్డ ఫ్యాక్టరీలు, గిడ్డంగులు బోలెడు మిగిలాయి. అడిగేవాడు లేని ఆ చోట్లలో కుర్రాళ్లు స్పీకర్లు పెట్టుకుని ఆడడం మొదలుపెట్టారు. ట్రెజోర్ అనే క్లబ్బు 1991లో ఒక పాత పెద్ద దుకాణం కింద మిగిలిపోయిన ఖజానా గదిలో పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే బెర్గ్‌హైన్ ఒకప్పటి పవర్ స్టేషన్ భవనంలో ఉంది. మేం వెళ్లింది అంత పేరున్నది కాదు, పాత వర్క్‌షాపు లాంటి చోటు.

గంటన్నర చలిలో లైన్లో నిలబడ్డాం. గుమ్మం దగ్గర ఒక ఆవిడ, నలభై ఏళ్లుంటాయి, మమ్మల్ని ఆపి "మొదటిసారా?" అని నన్నడిగింది. అవునన్నాను. నవ్వకుండా, విసుక్కోకుండా మూడు ముక్కలు చెప్పింది. లోపల ఫొటో, వీడియో తీయకూడదు. ఎవరినీ అడగకుండా ముట్టుకోకూడదు. నిన్నెవరైనా ఇబ్బంది పెడితే చేతికి లైటు పట్టీ ఉన్నవాళ్లకి చెప్పు. తర్వాత నా ఫోన్ తీసుకుని ముందూ వెనకా కెమెరాల మీద చిన్న రంగు స్టిక్కర్లు అంటించి ఇచ్చింది. నాకే కాదు, లైన్లో ఉన్న అందరికీ, మగవాళ్లకీ ఆడవాళ్లకీ. బెర్లిన్ క్లబ్బుల్లో చాలా చోట్ల ఇదే పద్ధతి.

ఆ స్టిక్కర్ అంటిస్తుంటే నాకు మా చెల్లి మొహం కనిపించింది. పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. నా స్నేహితురాలికి అప్పుడేమీ అర్థం కాలేదు.

లోపల పెద్ద లైట్లు లేవు. పొగ, చీకటి, కాంక్రీటు స్తంభాలు. పాట అంటే మనం అనుకునే పాట కాదండీ. మాటల్లేవు, పల్లవి లేదు, చరణం లేదు. దరువు ఒక్కటే. నిమిషానికి నూట ముప్పై దాకా పడే దరువు. దాని మీద ఒక చిన్న శబ్దం వచ్చి చేరుతుంది, అయిదు నిమిషాలుంటుంది, మనకి తెలియకుండానే పోతుంది, ఇంకోటి వస్తుంది. డీజే చేసే పని ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఒక రికార్డు వేగాన్ని రెండో రికార్డు వేగంతో కలిపి, అతుకు కనపడకుండా దాంట్లోంచి దీంట్లోకి తీసుకెళ్లాలి. ఒక్కసారి కూడా అకస్మాత్తుగా సౌండ్ పెంచలేదు. రెండు గంటల్లో ఒక్కసారి కూడా మైకులో అరవలేదు.

మొదటి అరగంట గోడకి వీపు ఆనించి, బ్యాగు గుండెలకి అదుముకుని నిలబడ్డాను. మన ఆడపిల్లలందరికీ తెలిసిన నిలబడ్డమే అది. తీర్థంలో, బస్టాండులో, పెళ్లి ఊరేగింపులో అలాగే నిలబడతాం. ఎవరూ నా వైపు చూడలేదు. చూడట్లేదని నమ్మకం కుదరడానికే అరగంట పట్టింది. తర్వాత కాలు కదిలింది. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. నలుగురిలో నేను ఆడడం అదే మొదటిసారి.

ఆడుతుంటే నాకు గుర్తొచ్చింది మన వీరణమే. నిజంగా చెబుతున్నాను. కనుమ నాడు ప్రభ పొలంలోకి దిగేటప్పుడు దరువు మార్చకుండా ఒకే ఊపుతో గంటసేపు వాయిస్తారు చూడండి, మోసేవాళ్ల అడుగులన్నీ ఒకే అడుగైపోతాయి. తల మీద అమ్మవారి గరగలు ఎత్తుకున్నవాళ్లు ఆ దరువు మీదే తూగుతారు. ఆ పని కరెంటుతో చేస్తే ఇదవుతుంది. పొట్టలోంచి లేచే ఆ ఊపు నాకు కొత్తదేం కాదు. చిన్నప్పటి నుంచీ డాబా మీంచి చూస్తూ, ఒంట్లోనే అణుచుకున్నది.

మూడు గంటలప్పుడు ఒకతను తాగి వచ్చి నాకు మరీ దగ్గరగా ఆడడం మొదలుపెట్టాడు. జరిగాను. అతనూ జరిగాడు. నా స్నేహితురాలు వెళ్లి చేతికి లైటు పట్టీ ఉన్న అమ్మాయికి చెప్పింది. ఇక్కడ వాళ్లని అవేర్‌నెస్ టీమ్ అంటారు. రెండు నిమిషాల్లో వచ్చి అతన్ని పక్కకి తీసుకెళ్లారు. మళ్లీ వాళ్లలో ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి అడిగిన ప్రశ్నలు ఇవి: "బాగున్నావా? కాసేపు కూర్చుంటావా? నీళ్లు తెచ్చివ్వనా?" నువ్విక్కడికి ఎందుకొచ్చావని అడగలేదు. ఏ బట్టలేసుకున్నావని చూడలేదు. పక్కన సౌండ్ తక్కువగా ఉన్న ఒక గది ఉంది, అక్కడ కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పావుగంట కూర్చుని మళ్లీ వెళ్లి ఆడాను.

అక్కడ అంతా మంచే అని నేను చెప్పను. మత్తుమందులు వాడేవాళ్లున్నారు. ఆసుపత్రిలో ఆదివారం పొద్దున్న డ్యూటీ చేసే నాకు ఆ సంగతి మీకన్నా బాగా తెలుసు. లైన్లో గంటలు నిలబెట్టి కారణం చెప్పకుండా వెనక్కి పంపేసే క్లబ్బులూ ఉన్నాయి, అది నాకు నచ్చదు. మన తీర్థాన్ని క్లబ్బు చేయమని కూడా నేను అడగడం లేదు. అక్కడ ఆడడానికి వచ్చిన మనిషి గురించి ముందే ఆలోచించి పెట్టుకున్నారు. మన దగ్గర ఎన్ని బాక్సులు, ఎన్ని వాట్లు, పక్క ఊరి కన్నా ఎక్కువా తక్కువా అనే ఆలోచన తప్ప ఇంకోటి లేదు. నా బాధ అది.

తర్వాత ఆ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో చదివాను. తమ్ముళ్లూ, ఇది మీరు తెలుసుకోవాలి. మీ బాక్సుల్లోంచి గుండె మీద గుద్దినట్టు వచ్చే ఆ శబ్దానికి మూలం రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1980లో తెచ్చిన 808, 1983లో తెచ్చిన 909 అనే డ్రమ్ మెషీన్లు. అవి మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. పాత సామాన్ల కింద చవగ్గా దొరికితే అమెరికాలో పేద కుర్రాళ్లు కొనుక్కున్నారు. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు 1977లో మొదలైంది. అక్కడ ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే వాయించేవాడు. అలా ఆడుకునే సంగీతానికి హౌస్ మ్యూజిక్ అనే పేరు ఆ వేర్‌హౌస్ నుంచే వచ్చిందని చెబుతారు. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, స్వలింగ ప్రేమికులు. వాళ్లని మిగతా చోట్ల గుమ్మంలోనే ఆపేసేవారు. కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి స్నేహితులు టెక్నోకి రూపం ఇచ్చారు. అంటే ఎక్కడా ఆడనివ్వని వాళ్లు, తమకంటూ ఆడుకునే చోటు కావాలని పుట్టించుకున్న సంగీతం ఇది. అదే దరువు మన ఊరి వీధిలోకి వచ్చి, మన ఆడపిల్లల్ని డాబాల మీదికి ఎక్కించేసింది. నాకు ఇది చాలా కష్టంగా ఉంది.

బెర్లిన్ టెక్నోని 2024 మార్చిలో జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన ప్రభల తీర్థం 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో రాష్ట్ర శకటంగా వెళ్లింది. టీవీలో చూసి మనమంతా ఎంత పొంగిపోయాం! ఆ శకటం ముందు డీజే ట్రాక్టర్ లేదు.

ఇక చెవుల సంగతి. ఇది నర్సుగా చెబుతున్నాను. మన లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలుంటాయి, ఒక్కో చెవిలో దాదాపు 15 వేలు. పుట్టినప్పుడు ఎన్ని ఉంటే అన్నే. చచ్చిపోతే మళ్లీ మొలవవు. శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. 85 డెసిబెళ్ల శబ్దం ఎనిమిది గంటల దాకా తట్టుకోవచ్చని లెక్క. అక్కడి నుంచి మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమైపోతుంది. వంద దగ్గర పావుగంటే. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు బాక్సుల పక్కన నాలుగు గంటలున్నాడు. మూడు రోజులు చెవుల్లో గుయ్‌మని మోతే. "తగ్గిపోయిందక్కా" అన్నాడు. మోత తగ్గినా దెబ్బ మొత్తం మానినట్టు కాదని వాడికి చెప్పాను. మీ ఇళ్లలో పిల్లలకి కూడా చెప్పండి.

ఇక్కడ క్లబ్బుల్లో, కచేరీల్లో శబ్దానికి ఒక కొలత ఉంది. జనం ఉన్నచోట అరగంట సగటు 99 డెసిబెళ్లు దాటకూడదని జర్మనీ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి చోట్లకి వంద అని హద్దు చెప్పింది, కొలిచే మనిషి ఉండాలంది, చెవి ప్లగ్గులు ఇవ్వాలంది, చెవులకి విశ్రాంతిగా నిశ్శబ్దంగా ఉండే చోటు ఉండాలంది. మేం వెళ్లిన చోట కోటు దాచుకునే కౌంటర్ దగ్గరే స్పాంజి ప్లగ్గులు పెట్టారు. పెట్టుకుని ఆడాను. సంగీతం ఏమీ తగ్గలేదు, పొట్టలో దరువు అలాగే ఉంది, పొద్దున్న లేచాక చెవిలో మోత మాత్రం లేదు. బయటికొచ్చి రెండు తలుపులు దాటాక వీధిలో ఏమీ వినపడలేదు. మన దగ్గర అలా కుదరదు, గోడల్లేవు. బేస్ శబ్దం అల ఆరేడు మీటర్ల పొడవుంటుంది. దాన్ని మన గోడలు, రేకులు ఆపలేవు. కిటికీలు గడగడలాడేది అందుకే. పోయిన కనుమ రాత్రి మా ఎదురింట్లో ఇరవై రోజుల బాలింత పసిబిడ్డని దుప్పట్లో చుట్టుకుని వంటింట్లో కూర్చుంది. ఆ పక్కింట్లో స్టెంటు వేయించుకున్న మాస్టారు. వాళ్లు మీకు చెప్పరు. దేవుడి కార్యం కదా, ఏమైనా అంటే తప్పేమోనని ఊరుకుంటారు.

మన దేశంలోనూ చట్టం ఉంది. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇళ్లున్న చోట హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. నేను కేసుల గురించి బెదిరించడానికి ఇది రాయలేదు. పోలీసులు వచ్చి వైరు పీకేస్తే ఊళ్లో మనస్పర్థలు తప్ప ఏమీ మిగలదు. మీరే అనుకుని చేస్తే ఊరంతా వింటుంది. మన ఊళ్లో కమిటీ మాటకి ఆ విలువ ఉంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రభ ముందు వీరణం, డప్పు, సన్నాయి, గరగలు మాత్రమే ఉండనివ్వండి. ఆ వాయించేవాళ్లకి డీజేకి ఇచ్చినట్టే అడ్వాన్సు ఇచ్చి, భోజనం పెట్టి, గౌరవంగా పిలవండి. డీజే వద్దనడం లేదు. ట్రాక్టర్ మీద ఊరంతా తిప్పకుండా హైస్కూల్ గ్రౌండ్‌లో ఒక్కచోట పెట్టండి, బాక్సులు పొలాల వైపు తిప్పండి, పదింటికి ఆపండి. బాక్సులకి దగ్గరగా ఎవరూ రాకుండా తాడు కట్టండి. మన ఊళ్లోనే సౌండ్ ఇంజనీరింగ్ నేర్చుకోవాలని ఆశపడే కుర్రాడు ఒకడున్నాడు, వాడికి సౌండ్ కొలిచే మీటర్ చేతికివ్వండి. ఎంత పెట్టాలో వాడు చెబుతాడు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ గ్రౌండ్‌లో ఆడవాళ్లు ఆడుకునే చోటు ఉండాలి. ఏదో మూల పరదా కట్టి చూపించే చోటు కాదు. గ్రౌండ్ మొత్తం అందరిదీ అయ్యేలా చూడండి. లోపల వీడియో తీయకూడదని ప్రెసిడెంటు గారే మైకులో చెప్పండి. గేటు దగ్గర ఫోన్లకి స్టిక్కర్ వేయండి, ఒక్కో స్టిక్కర్‌కి రూపాయి కూడా కాదు. డ్వాక్రా గ్రూపుల్లో గట్టిగా మాట్లాడగల ఆడవాళ్లున్నారు, అంగన్‌వాడీ టీచరు గారున్నారు. వాళ్లకి చేతికి పట్టీలు కట్టి, ఎవరు ఇబ్బంది పెట్టినా వాళ్లకి చెప్పమని ప్రకటించండి. ఏదైనా జరిగితే మొదటి ప్రశ్న తప్పు చేసినవాణ్ని అడగండి. ఆడినపిల్లని అడగకండి. చందా పుస్తకంలో ఆడపిల్లలున్న ఇంటికీ మగపిల్లలున్న ఇంటికీ ఒకే రేటు రాస్తారు కదండీ.

తమ్ముళ్లూ, మీరు చెడ్డవాళ్లని నేను ఎప్పుడూ అనుకోలేదు. వరదొచ్చినప్పుడు లంకలో చిక్కుకున్నవాళ్లని నాటు పడవ మీద తెచ్చింది మీరే. నాన్న పోయినప్పుడు నేను వచ్చేదాకా మా ఇంటి ముందు రాత్రంతా కూర్చున్నది మీరే. మీ అక్క ఆడుకుంటుంటే మీరు కాపలా కాయాల్సిన పని కూడా లేని ఊరు కావాలి నాకు.

ఆ రాత్రి సంగతి అమ్మకి చెప్పినప్పుడు తిడుతుందనుకున్నాను. "అక్కడంతా నీ వయసు వాళ్లేనా?" అని అడిగింది. కాదమ్మా, నెరిసిన జుట్టుతో అరవై దాటినావిడ నా పక్కనే ఆడింది, ఎవరూ వింతగా చూడలేదు అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పెళ్లికి ముందు తను కోలాటం బాగా ఆడేదాన్నని, ఈ ఊరు వచ్చాక ఒక్కసారి కూడా ఆడలేదని చెప్పింది. ముప్పై రెండేళ్లుగా మా అమ్మ తీర్థాన్ని డాబా మీంచే చూస్తోంది. ఈ సంగతి నాకే తెలియదు.

భోగికి నాలుగు రోజుల ముందు ఇంటికి వస్తున్నాను. సాయంత్రాలు రామాలయం అరుగు మీద మీరు మీటింగ్ పెట్టుకుంటారు కదా, ఆ రోజు ఏడింటికి అమ్మ, నేను, చెల్లి ముగ్గురం వస్తాం. చెవి ప్లగ్గులు రెండు వందల జతలు, సౌండ్ కొలిచే మీటర్ ఒకటి నా జీతంతో కొని తెస్తున్నాను. స్టిక్కర్లు అమలాపురంలో చేయిద్దాం. మాకు కూర్చోవడానికి అరుగు మీద కాస్త చోటు ఉంచండి.

ఇట్లు,
మీ ఊరి ఆడపడుచు